బలం ఇంజిన్‌ది, పట్టు టైరుది

నల్లగొండ జిల్లాలో యాసంగి కోతలు మొదలయ్యాక మిర్యాలగూడ, హాలియా వైపు ఊళ్లలో రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోసి ఉంటాయి. ఎదురుగా వచ్చే లారీకి దారి ఇవ్వడానికి ఎడమ చక్రాలను వడ్ల మీదికి దించి ఆపిన కారు, వెనక చక్రాలతో నడిచే బరువైన డీజిల్ బండి అయితే, మళ్లీ కదలబోయేటప్పుడు ఒక వింత చూపిస్తుంది. ఎడమ వెనక చక్రం వడ్లను చిమ్ముతూ గిర్రున తిరుగుతుంది, గట్టి తారు మీదున్న కుడి చక్రం మాత్రం కదలదు. ఇంజిన్‌లో బలానికి కొదవ లేదు. ఆ బలాన్ని నేలకు అప్పగించే దగ్గరే చిక్కంతా.

టైరు నేలను తాకే మేర అరచేతి కంటే కాస్త పెద్దది, అంతే. అక్కడ పుట్టగల గరిష్ఠ ఘర్షణ, ఆ చక్రం మీది బరువును ఘర్షణ గుణకంతో (టైరుకూ నేలకూ మధ్య పట్టు ఎంతో చెప్పే అంకెతో) గుణిస్తే వస్తుంది. రెండు టన్నుల బండిలో సగం బరువు వెనక ఇరుసు మీద ఉందని, పొడి తారు మీద గుణకం 0.8 అని అనుకుందాం. బండి ముందుకు ఉరికేటప్పుడు కొంత బరువు ముందు నుంచి వెనక్కి మారుతుంది కాబట్టి, గరిమనాభి (బండి బరువు కేంద్రం) ఎత్తు ఇరుసుల మధ్య దూరంలో నాలుగో వంతు ఉంటే, వెనక చక్రాలు రెండూ కలిసి సుమారు 9,800 న్యూటన్ల బలాన్ని నేలకు ఇవ్వగలవు. 400 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) ఇచ్చే ఇంజిన్, మొదటి గేరులో అన్ని పళ్ల చక్రాల నిష్పత్తీ కలిపి 15 రెట్లయితే, 38 సెంటీమీటర్ల వ్యాసార్ధమున్న చక్రం దగ్గర 15,000 న్యూటన్లు దాటించగలదు, అంటే టైర్లు నేలకు ఇవ్వగల దానికంటే ఎక్కువ. తొలకరి పడగానే మహబూబ్‌నగర్ రోడ్ల మీద ఎర్ర చెల్క దుమ్ము నానిపోయి గుణకం 0.5కు పడిపోతే, ఆ 9,800 కాస్తా 5,600కు దిగుతుంది.

వడ్ల మీద సంగతి ఇంకా ఘోరం, దానికి కారణం డిఫరెన్షియల్. మూల తిరిగేటప్పుడు బయటి చక్రం లోపలి దాని కంటే ఎక్కువ దూరం పోవాలి కనుక, రెండింటినీ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే ఈ పరికరం లేకుండా కారు సాఫీగా మూల తిరగదు. అయితే మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ ఎప్పుడూ సమానమైన టార్క్‌నే పంచుతుంది. వడ్ల మీది చక్రం వెయ్యి న్యూటన్ల దగ్గరే జారిపోతే, నాలుగు వేలు మోయగల తారు మీది చక్రానికీ ఆ వెయ్యే దక్కుతుంది.

వరి మడిలో కరిగెట్టు చేసే ట్రాక్టర్ డ్రైవర్‌కు ఈ మాట ఎవరూ నేర్పనక్కర్లేదు. అతని కుడి కాలి కింద బ్రేకు పెడళ్లు రెండుంటాయి, ఎడమ చక్రానికి ఒకటి, కుడి చక్రానికి ఒకటి. బురదలో ఒక చక్రం ఉత్తగా తిరుగుతుంటే ఆ పక్క పెడల్‌ను మెల్లగా అదుముతాడు. ఆ బ్రేకును ఎదిరించడానికి ఎంత టార్క్ కావాలో, అంత టార్క్ రెండో చక్రానికీ అందుతుంది, బండి కదులుతుంది. (రోడ్డెక్కే ముందు ఆ రెండు పెడళ్లనూ గొళ్లెంతో కలపాలి, వేగంలో ఒక చక్రానికే బ్రేకు పడితే బండి పక్కకు లాగేస్తుంది.) కార్లలోని ట్రాక్షన్ కంట్రోల్ కూడా ఈ పనే చేస్తుంది: ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) సెన్సార్ల ద్వారా ఏ చక్రం ఎక్కువ వేగంగా తిరుగుతోందో పసిగట్టి దానికి బ్రేకు వేస్తుంది, అవసరమైతే ఇంజిన్ బలాన్నీ తగ్గిస్తుంది. కానీ బ్రేకులో పోయే శక్తి వేడిగా మారి వృథా అవుతుంది. నిజంగా బలమైన బండికి, లోపల క్లచ్ పలకలతో రెండు చక్రాల మధ్య తేడాను అదుపులో ఉంచే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియలే సరైన జవాబు.

అంతకంటే ముందు చూసుకోవాల్సింది టైర్లను. ఘర్షణ తాకే వైశాల్యం మీద ఆధారపడదని 1699లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త అమాంటాన్స్ చెప్పిన సూత్రానికి రబ్బరు లొంగదు. బరువు పెరిగేకొద్దీ దాని గుణకం తగ్గుతుంది, అందుకే అదే బరువును ఎక్కువ మేర పంచుకునే వెడల్పాటి మెత్తని టైరు ఎక్కువ పట్టునిస్తుంది. డిక్కీలో ఇసుక బస్తాలు వేస్తే ఆశించినంత లాభం రాదు, పైగా మలుపులో తోక ఊగుతుంది. ఇంజిన్ రీమ్యాప్‌కు (బలం పెంచడానికి ఇంజిన్ కంప్యూటర్ అమరికలు మార్చడానికి) పెట్టే డబ్బు ముందు టైర్లకు పెట్టాలని నా అభిప్రాయం. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు అరిగితే మార్చక తప్పదు; గాడి బాగానే కనిపిస్తున్నా రబ్బరు ఎండి గట్టిపడి ఉండవచ్చు కనుక, పక్కన ముద్రించిన నాలుగంకెలనూ చదవాలి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైనది.

మిగిలింది కాలి పని. టైరు గరిష్ఠ పట్టు ఇచ్చేది అసలు జారనప్పుడు కాదు, చక్రం బండి వేగం కంటే పది, ఇరవై శాతం ఎక్కువ తిరిగేటప్పుడు. ఆ గీత దాటాక పట్టు పడిపోతుంది. కాబట్టి చక్రం గిర్రుమనగానే యాక్సిలరేటర్ కొంచెం వదిలితే బండికి మునుపటి కంటే ఎక్కువ తోపు దొరుకుతుంది. తడి రోడ్డు మీద, చక్రానికి తక్కువ టార్క్ చేరేలా రెండో గేరులో కదిలించడమూ ఇందుకే. మెత్తని బురదలో మాత్రం ట్రాక్షన్ కంట్రోల్ ఇంజిన్‌ను మరీ నొక్కేస్తే దాన్ని ఆపి చూడవచ్చు, అదీ చక్రం గుంత తవ్వుకోక ముందే.