సంతకం బడిది, బిల్లు కౌంటీది

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో ప్రైవేటు డే స్కూళ్ల ఖర్చు మీద గొడవ మళ్లీ రాజుకుంది. తీవ్రమైన మానసిక, ప్రవర్తన సమస్యలున్న పిల్లల్ని మామూలు బడి నుంచి తీసి అక్కడ చేరుస్తారు. ఫీజు చిల్డ్రన్స్ సర్వీసెస్ యాక్ట్ అనే రాష్ట్ర చట్టం కింది నిధి నుంచి వస్తుంది.

ఆ చట్టం పుట్టుక గురించి అందరూ చెప్పేదే: నాలుగు శాఖల్లోని 14,000 కేసులూ కలిపి చూస్తే పిల్లలు 5,000 లోపే తేలారు. దాంతో 1992లో చట్టం చేసి, మరుసటి ఏడాది నుంచి ఎనిమిది పద్దుల్ని ఒకే నిధిలో పోశారు. కౌంటీలు (మన జిల్లాల్లాంటివి), నగరాలు తమ వాటా కలపాలి.

ముడి పడింది అక్కడ కాదు. డబ్బునైతే కలిపారు గానీ, పిల్లల్ని రెండు వరసలు చేశారు. ఫోస్టర్ కేర్ (ప్రభుత్వ సంరక్షణ) పిల్లలు, స్పెషల్ ఎడ్యుకేషన్ కింద ప్రైవేటు బడికి వెళ్లాల్సినవాళ్లు 'మ్యాండేటెడ్'. వాళ్లకు ఎంతయినా ఇచ్చి తీరాలి. మిగతావాళ్లకు ఇస్తే ఇచ్చినట్టు, లేకపోతే లేదు. ఆ రెండో వరసలో పడ్డ బిడ్డకు వైద్యం కోసం కస్టడీనే ప్రభుత్వానికి అప్పగించిన తల్లిదండ్రులున్నారు. 2006లో రాష్ట్ర అటార్నీ జనరల్ అభిప్రాయం వచ్చాక గానీ ఆ అవస్థ తప్పే దారి దొరకలేదు. 2008లో కౌంటీ వాటాలు మార్చారు: ఇంటి దగ్గరే సేవలు అందిస్తే తక్కువ, హాస్టల్ తరహా కేంద్రానికి పంపితే ఎక్కువ. ప్రైవేటు డే స్కూళ్ల జోలికి మాత్రం పోలేదు.

ఇక మొదటి వరస. లౌడన్, ఫెయిర్‌ఫ్యాక్స్ కౌంటీల్లో ఐఈపీ (స్పెషల్ ఎడ్యుకేషన్ పిల్లాడికి విడిగా రాసే చదువు ప్రణాళిక) మీటింగుకు వెళ్లిన మనవాళ్లకు ఆ టెన్షన్ తెలుసు. టీచరు, సైకాలజిస్టు, అమ్మానాన్న ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. పిల్లాడు ఈ బడిలో నెగ్గుకురాలేడని రాసి సంతకాలు పెడతారు. కాగితం కౌంటీ ఆఫీసుకు వెళ్తుంది. అక్కడి కోఆర్డినేటర్ ఆ పిల్లాణ్ని చూసి ఉండకపోవచ్చు. అయినా ఫెడరల్ చట్టం ప్రకారం ఐఈపీ నిర్ణయాన్ని కాదనడానికి లేదు, డబ్బు కట్టాల్సిందే. పోనీ, ఆ పిల్లాణ్ని ఉన్న బడిలోనే ఉంచి తోడుగా ఒక మనిషిని పెడదామంటే, 2020 నాటికి ఈ నిధిని ప్రభుత్వ బడిలో వాడే వీలుండేది కాదు. అదే పిల్లాడు గేటు దాటి వెళ్తే మొత్తం ఫీజు వచ్చేది. బడిని తప్పుపట్టి ఏం లాభం?

శాసనసభ తరఫున లెక్కలు చూసే జేలార్క్ 2020లో చెప్పిందీ దాదాపు ఇదే. 2010 నుంచి 2019కి డే స్కూళ్ల ఖర్చు రెట్టింపు దాటి 18.6 కోట్ల డాలర్లకు చేరింది. తమ దగ్గరికి వచ్చేది కష్టమైన పిల్లలని, సిబ్బంది ఎక్కువ కావాలని ఆ స్కూళ్లు అంటాయి. ఫీజులు అడ్డగోలుగా లేవని జేలార్క్ కూడా ఒప్పుకుంది. అయితే ఆ డబ్బును విద్యాశాఖకు మార్చాలని, ప్రభుత్వ బడి లోపల కూడా ఖర్చుపెట్టనివ్వాలని అదే నివేదికలో సిఫార్సు చేసింది.