షాపు మీద వందేళ్ళ గొడవ, మరి తాగేవాడి మాటేంటి?

ఆంధ్ర రాష్ట్రం వచ్చి ఏడాది దాటిందో లేదో, 1954 నవంబరు 6న ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. గొడవంతా మద్యనిషేధం మీదే. నిషేధం ఎత్తేయాలని రామమూర్తి కమిటీ చెప్పింది. చెట్టెక్కితే జైలు, ఎక్కకపోతే పస్తు అన్నట్టున్న గీత కార్మికులు ఆందోళనకు దిగారు. ప్రభుత్వం తేల్చలేకపోయింది, పోయింది.

ఆ చర్చలో గీత కార్మికుడు ఉన్నాడు, ఖజానా ఉంది, గాంధీ మాట ఉంది. మానాలనుకున్నా మానలేని మనిషికి ఏం చెయ్యాలన్నది మాత్రం లేదు. కృష్ణా, గుంటూరు జిల్లాల మద్యం చరిత్ర ఎక్కడ తిరగేసినా ఇదే వరస. షాపు ఉండాలా, పోవాలా, ఎవరి చేతిలో ఉండాలి? ఈ మూడు ప్రశ్నలతోనే వందేళ్ళు గడిచాయి.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో కాంగ్రెస్ సమావేశాలు జరిగాయి. వాటి గురించి చెప్పమంటే అందరం పింగళి వెంకయ్య జెండా దగ్గరే ఆగిపోతాం. ఆ ఏడాది ఈ జిల్లాల్లో తెల్లదొరల ఆదాయానికి గండి కొట్టిన వాటిలో కల్లు వేలంపాటల బహిష్కరణ ఒకటి. అబ్కారీ డబ్బు సర్కారుకు ఎంత ముఖ్యమో జనానికి అప్పుడే తెలిసింది. 1937లో రాజాజీ సేలం జిల్లాలో నిషేధం మొదలుపెట్టారు. 1948 నాటికి అది మద్రాసు రాష్ట్రమంతా పాకింది, బెజవాడ, గుంటూరు కూడా కాగితం మీద మందు లేని ఊళ్ళయ్యాయి. తాగడం నేరం, తాగినవాడు ముద్దాయి. 1960ల చివర్లో కాసు బ్రహ్మానందరెడ్డి గారి హయాంలో ఆ నిషేధం పోయింది. ఆయన మన నరసరావుపేట వైపు మనిషే.

1980ల్లో 'వారుణి వాహిని' పేరుతో సర్కారే సారాను ప్యాకెట్లలో పోసి ఊరూరికీ చేర్చింది. దానికి జవాబు నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి వచ్చింది. రోశమ్మ వెంట ఆడవాళ్ళు కొంగు బిగించి సారా కొట్టు మూయించారు. 1993 అక్టోబరు 1న సారా పోయింది. 1995 జనవరి 16న సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో అదీ సడలిపోయింది. 2019 అక్టోబరులో షాపులు ప్రభుత్వం చేతికి వెళ్ళాయి, 2024 అక్టోబరులో మళ్ళీ ప్రైవేటుకు వచ్చాయి. బెల్టు షాపులు మాత్రం ఏ ప్రభుత్వంలోనూ పూర్తిగా పోలేదు.

ఇదే కాలంలో వైద్యం వేరే దారిలో నడిచింది. సేలంలో నిషేధం రావడానికి రెండేళ్ళ ముందు, 1935లో, అమెరికాలో ఇద్దరు తాగుబోతులు (ఒకరు షేర్ల వ్యాపారి, ఇంకొకరు డాక్టరు) ఒకరినొకరు ఆదుకుంటూ మానేశారు. ఆల్కహాలిక్స్ అనానిమస్ అలా పుట్టింది. ప్రకాశం గారి ప్రభుత్వం పడిపోయిన రెండేళ్ళకు, 1956లో, అమెరికన్ మెడికల్ అసోసియేషన్ తాగుడు వ్యసనాన్ని జబ్బుగా చూడాలంది. మన దేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక స్థితులను మానసిక అనారోగ్యం నిర్వచనంలోనే చేర్చింది. చట్టం ఒప్పుకుంది కానీ పెద్దరికం ఒప్పుకోలేదు. "వాడికి బుద్ధుంటే మానడా" అనే మాట ఇప్పటికీ ప్రతి వీధిలో వినపడుతుంది.

బుద్ధితో తేలే విషయమైతే ఇంత తంటా ఉండదు. వ్యసనం ఎవరికి అంటుకుంటుందన్నదాంట్లో దాదాపు సగం పాత్ర వంశపారంపర్యానిది. మిగతాది ఏ వయసులో మొదలెట్టాడు, చుట్టూ ఎంత దొరుకుతుంది, లోపల దిగులు ఏమైనా ఉందా అన్నవాటి మీద ఉంటుంది. గుంటూరు మిర్చి యార్డులో సీజనంతా ఘాటులో బస్తాలు మోసిన హమాలీకి రాత్రి క్వార్టరంటే ముందు ఒళ్ళు నొప్పుల మందు. సరదా ఆ తర్వాత సంగతి. రోజూ పడేకొద్దీ మెదడు ఆ మత్తుకు ఎదురు తూకం వేసుకుని తనను తాను మార్చుకుంటుంది. అప్పుడిక తాగితే సుఖమని కాదు, తాగకపోతే నిలవలేక తాగుతాడు. పొద్దున్నే టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకునేవాడిని చూస్తే సంగతి అర్థమవుతుంది. ఓపీలో డాక్టరు కూడా ముందు చేతులు చాచమనే అంటాడు.

అలాంటి మనిషికి మందు ఒక్కసారిగా ఆగితే కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి మతి తప్పుతుంది. లేని మనుషులు కనిపిస్తారు, ఒంటి మీద పురుగులు పాకుతున్నాయని దులుపుకుంటారు. ఇంట్లోవాళ్ళు గాలి సోకిందనుకుంటారు. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. 2020 లాక్‌డౌన్లో షాపులు ఆరు వారాలు మూతపడినప్పుడు ఈ సంగతి చాలా ఇళ్ళకు తెలిసొచ్చింది. ఆ జులై చివర్లో, గుంటూరు నుంచి నంద్యాల వెళ్ళే రైలు దారిలో ఉన్న కురిచేడులో, కరోనా కట్టడి వల్ల షాపులు లేక శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. షాపు మూయడమే వైద్యం అనుకునేవాళ్ళకు ఇంతకంటే గట్టి జవాబు ఉండదు.

విజయవాడలో మానడానికి జనం నమ్మే దారి ఇంకొకటి ఉంది. భవానీ మాల. నలభై ఒక్క రోజులు చుక్క ముట్టనివాళ్ళు ఎందరో. నేను దీన్ని తక్కువ చెయ్యను. నిన్నటిదాకా "ఒరేయ్" అన్న వీధి "భవానీ" అని పిలుస్తుంది. తెల్లవారుజామున స్నానం, సాయంత్రం పీఠం దగ్గర పదిమంది, బ్రాందీ షాపు వైపు చూడలేని ఎర్రబట్ట. రోజువారీ తీరు, తోడు, మర్యాద మూడూ ఒకేసారి మారిపోతాయి. కౌన్సెలింగ్‌లో నెలల తరబడి చేయించేది ఇదే. చిక్కల్లా ఇరుముడి ఇచ్చి కొండ దిగిన సాయంత్రంతో మొదలవుతుంది. పాత సెంటరు, పాత స్నేహితులు అక్కడే ఉంటారు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. లేవగానే మందు పడాల్సిన స్థాయికి వెళ్ళినవాడు డాక్టరుకు చెప్పకుండా మాల వేసుకుంటే రెండో రోజుకే ఫిట్స్‌తో ఆసుపత్రిలో తేలవచ్చు.

"వారికి తెలియకుండా తాగుడు మాన్పించబడును" అని గోడల మీద రాతలు మీరూ చూసే ఉంటారు. భార్య సాంబారులో కలిపే ఆ పొడిలో ఏముందో అమ్మేవాడు చెప్పడు. డాక్టర్లు వాడే డైసల్ఫిరామ్ అనే మాత్రే తీసుకోండి. డెన్మార్క్‌లో 1940ల చివర్లో దాని సంగతి బయటపడింది. దాన్ని వేసుకుని తాగితే మొహం ఎర్రబడుతుంది, వాంతులవుతాయి, గుండె దడదడలాడుతుంది, బీపీ పడిపోతుంది. తెలిసి, ఒప్పుకుని వేసుకునేవాడికి అది కాపలా. తెలియకుండా పెడితే విషప్రయోగానికి దగ్గరే.

అసలు వైద్యం ఇంత నాటకీయంగా ఉండదు. మొదటి వారం, పది రోజులు వణుకు తగ్గించే మాత్రలు ఇచ్చి మోతాదు మెల్లగా దించుతారు. విటమిన్ బి1 ఇంజెక్షన్లు పడతాయి. వెంట వచ్చినవాళ్ళు "ముందు గ్లూకోజ్ ఎక్కించండి సార్" అని పట్టుబడతారు కానీ, బి1 లేకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. ఆ తర్వాత నెలల తరబడి సాగేదే అసలు పని. కోరిక తగ్గించే నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటి మాత్రలు, కౌన్సెలింగ్, ఇంట్లోవాళ్ళతో కూర్చోబెట్టి మాట్లాడటం. మధ్యలో మళ్ళీ తాగొస్తాడు. అది చూసి వైద్యం దండగని ఆపేసే ఇళ్ళే ఎక్కువ, నిజానికి మళ్ళీ తీసుకెళ్ళాల్సింది అప్పుడే. గుంటూరు, విజయవాడ ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. ముందు ఫోన్లో అడగాలనుకుంటే వ్యసనం మానడానికి సాయం చేసే జాతీయ హెల్ప్‌లైన్ 14446 ఉంది, మానసిక ఆరోగ్యానికి టెలీ మానస్ 14416 ఉంది.

2019లో ఎయిమ్స్ చేసిన జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక వైద్యం అందుతోంది. 2024 అక్టోబరు మద్యం విధానంతో పాటు రాష్ట్రంలో మందు అమ్మకాల మీద 2 శాతం డ్రగ్ రిహాబిలిటేషన్ సెస్ వేశారు. తాగేవాడి డబ్బులో కొంత తాగేవాడి వైద్యానికే అని పేరు పెట్టి మరీ వసూలు చేస్తున్నారు కాబట్టి, మన పెద్దాసుపత్రుల్లో డీ-అడిక్షన్ మంచాలు ఎన్ని పెరిగాయి, కౌన్సెలర్లను ఎంతమందిని తీసుకున్నారు అని ఇక మనం అడగవచ్చు.