మైనర్ కార్డ్ అంటే ఏడుపు కార్డేనా? గిటార్ నేర్చుకునేవాళ్ల అపోహలు, వాస్తవాలు

కార్డ్ అంటే కలిపి మోగించే కొన్ని స్వరాల గుంపు, మేజర్, మైనర్ అందులో రెండు రకాలు. గిటార్ పట్టిన ప్రతివాళ్లూ ముందు నేర్చుకొచ్చే ముక్క "మేజర్ అంటే సంతోషం, మైనర్ అంటే విషాదం". మొదటి వారం దీంతో పని జరుగుతుంది, ఆ తర్వాత అడ్డం పడుతుంది. మైనర్‌లో నడిచే హుషారైన డాన్స్ పాటలు బోలెడు. ఎ మైనర్ పట్టుకుని ఒక్కో తీగ నెమ్మదిగా మీటండి, వెంటనే అదే కార్డును గబగబా స్ట్రమ్ చేయండి, అంటే తీగలన్నిటినీ ఒక్క ఊపులో మీటండి. వేళ్లు కదలకుండానే మూడ్ మారిపోతుంది. అది ఏడిపించాలా ఆడించాలా అన్నది చాలావరకు వేగం, తాళం, చుట్టూ ఉన్న కార్డులు తేలుస్తాయి.

అపోహ: మైనర్ కార్డులన్నీ విడిగా బట్టీ పట్టాలి.

అక్కర్లేదు, మారేది ఒక్క స్వరమే. ఇ మేజర్ పట్టుకుని, మూడో తీగ (సన్నటి తీగ నుంచి లెక్క) మొదటి ఫ్రెట్ (మెడ మీది కడ్డీల మధ్య గడి) మీదున్న చూపుడు వేలు ఎత్తేయండి, ఇ మైనర్ వచ్చేసింది. ఎందుకంటే రూట్ (కార్డుకు పేరిచ్చే స్వరం) నుంచి మేజర్‌కు 4 ఫ్రెట్ల దూరంలో ఉండే స్వరం మైనర్‌కు 3 ఫ్రెట్ల దూరంలో ఉంటుంది. 7 ఫ్రెట్ల దూరంలోది రెండింటికీ ఒకటే. కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లకైతే ఒక్క మాట చాలు: అంతర గాంధారం బదులు సాధారణ గాంధారం. ఎ కార్డులో ఈ మార్పు రెండో తీగ మీద, డి కార్డులో మొదటి తీగ మీద జరుగుతుంది. ఆ రెండింటిలో వేళ్లు కాస్త సర్దుకోవాలి, అంతే.

అపోహ: ఆకారం సరిగ్గా పట్టుకుంటే మైనర్ వినపడినట్టే.

ఇది మాత్రం గట్టిగా చెప్పాలి. ఇ, ఎ, డి మైనర్ ఓపెన్ కార్డుల్లో (కొన్ని తీగలు నొక్కకుండా వదిలేసేవి) ఆ మారే స్వరం, అంటే గాంధారం, ఒక్క తీగ మీదే ఉంటుంది. ఇ మైనర్‌లో అది ఖాళీగా మోగే మూడో తీగ. నాలుగో తీగ నొక్కే ఉంగరపు వేలు కొంచెం వాలి దానికి తగిలిందంటే ఆ తీగ మూగబోతుంది, మిగిలేది మేజరూ కాదు మైనరూ కాదు, గాంధారం లేని ఉత్త పవర్ కార్డ్. "నాది వీడియోలోలా మోగట్లేదండీ" అనేవాళ్లలో చాలామంది సమస్య ఇదే, కానీ తిట్లు మాత్రం గిటార్‌కు.

అపోహ: పాటలో మైనర్ కార్డ్ ఉంటే ఆ పాట మైనర్ స్కేల్‌లో (స్వరాల వరసలో) ఉన్నట్టే. కాదు. సి మేజర్ స్కేల్‌లోనే డి మైనర్, ఇ మైనర్, ఎ మైనర్ మూడూ ఉన్నాయి.

అపోహ: ఎఫ్ మైనర్‌కు చేతిలో బలం కావాలి.

మొదటి ఫ్రెట్ దగ్గర తీగ నొక్కడం కాస్త కష్టమే, కానీ అసలు చిక్కు వేరు. ఈ కార్డుల్లో చూపుడు వేలు మొదటి ఫ్రెట్‌లో తీగలన్నిటి మీదా అడ్డంగా పడుకుంటుంది. ఎఫ్ మేజర్‌లో మూడో తీగను మధ్య వేలు చూసుకుంటుంది. మైనర్‌లో ఆ పని చూపుడు వేలి మీద పడుతుంది, తీగేమో సరిగ్గా కణుపు గీత కిందికి వచ్చి నొక్కు తప్పించుకుంటుంది. ఖర్మకొద్దీ ఇక్కడ కూడా గాంధారం ఉన్నది ఆ తీగ మీదే. బలంగా పిసికితే మణికట్టు నొప్పి తప్ప ఏమీ రాదు. చూపుడు వేలిని బొటనవేలి వైపు కొద్దిగా ఒరిగించి, ఎముక అంచుతో, ఫ్రెట్ కడ్డీకి దగ్గరగా నొక్కండి, అవసరమైతే వేలిని కాస్త పైకో కిందికో జరిపి గీతను తీగ మీంచి తప్పించండి. ముందు ఇదే ఆకారాన్ని ఐదో ఫ్రెట్ దగ్గర పట్టుకోండి, అక్కడ అది ఎ మైనర్. మూడో తీగ ఒక్కటే మీటి చూస్తూ, శుభ్రంగా పలికాక ఒక్కో ఫ్రెట్ హెడ్ వైపు జరగండి. మిగతాచోట్ల బాగా మోగి మొదటి ఫ్రెట్ దగ్గరే మొరాయిస్తుంటే, నట్ (హెడ్ దగ్గర తీగలు ఆనే పట్టీ) దగ్గర తీగలు మరీ ఎత్తుగా ఉన్నాయేమో రిపేర్ చేసేవాళ్లకు చూపించండి.