విరిచినవాడే అతకాలి: కెర్నెల్‌లో రస్ట్ పేచీ ఎక్కడ మొదలైంది?

లినక్స్ కెర్నెల్‌లో, అంటే ఆ ఆపరేటింగ్ సిస్టమ్ మూల కోడ్‌లో, రస్ట్ భాష ఇక ప్రయోగం కాదని 2025 డిసెంబరులో టోక్యోలో జరిగిన మెయింటైనర్ల (ఒక్కో భాగం కోడ్‌ని చూసుకునేవాళ్ల) సమావేశం తేల్చేసింది. కెర్నెల్ దాదాపు అంతా సీ భాషలో ఉంది; మెమరీ తప్పుల్ని కంపైలరే పట్టుకునేలా చేసేది రస్ట్. ఆ వార్త చల్లారకముందే కెర్నెల్‌లోని రస్ట్ కోడ్‌పై మొట్టమొదటి సీవీఈ, అంటే అధికారికంగా నంబరిచ్చిన భద్రతా లోపం, నమోదైంది. ఇంకేముంది, సీ పక్షం వాళ్లు 'చూశారా?' అన్నారు. అదే రోజు సీ కోడ్ మీద వచ్చిన 159 సీవీఈల సంగతేమిటని రస్ట్ పక్షం ఎదురు ప్రశ్న వేసింది.

ఆ బగ్ బైండర్ డ్రైవర్‌లో దొరికింది. ఆండ్రాయిడ్‌లో ప్రాసెస్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేది దీని ద్వారానే. దాన్ని ఈమధ్య రస్ట్‌లో తిరగరాశారు. అందులో ఒక థ్రెడ్ (సమాంతరంగా నడిచే పని) ఇంకెవరూ ముట్టుకోకుండా లాక్ పట్టుకుని, ఒక లిస్టులో ఉన్నవన్నీ తన సొంత లిస్టులోకి మార్చుకుని, లాక్ వదిలేసి తీరిగ్గా ఒక్కోటీ చూసుకుంటూ పోతుంది. సరిగ్గా అప్పుడే ఇంకో థ్రెడ్ వచ్చి, అందులో ఒకటి ఇంకా పాత లిస్టులోనే ఉందనుకుని పీకేస్తుంది. పక్క అంశాలెక్కడున్నాయో చెప్పే ముందూ వెనకా పాయింటర్లు చెడిపోయి కెర్నెల్ క్రాష్ అవుతుంది. ఆ పీకే పని 'అన్‌సేఫ్' బ్లాక్‌లో జరుగుతోంది. అంటే అక్కడ కంపైలర్‌ది కాదు, రాసినవాడిదే పూచీ. సీలో దశాబ్దాలుగా చూస్తున్న రకం తప్పే ఇది. దీంతో ఎవరి వాదనా గెలవదు, ఓడదు.

అసలు తగువు భద్రత గురించి కాదు, మరమ్మతు గురించి: కోడ్ మారి ఏదైనా విరిగితే ఎవరు సరిచేయాలన్నది. అది అర్థం కావాలంటే 2004 వేసవికి వెళ్లాలి. 1991లో లినక్స్ పుట్టిన కథ అందరికీ తెలిసిందే.

అప్పటిదాకా కెర్నెల్ రెండు దారుల్లో నడిచేది. సరిసంఖ్య సిరీస్ వాడకానికి, బేసిసంఖ్య సిరీస్ ప్రయోగాలకు. 2.5 సిరీస్ 2001 నవంబరులో మొదలైతే, దాని ఫలితంగా 2.6 బయటికొచ్చేసరికి 2003 డిసెంబరు అయింది. రెండేళ్లు ఆగలేక, లినక్స్‌ని వాడకానికి సిద్ధం చేసి ఇచ్చే డిస్ట్రిబ్యూషన్ కంపెనీలు కొత్త కోడ్‌ని వెనక్కి తెచ్చి పాత 2.4కి అతికించుకుంటూ పోయాయి. ఎవరి కెర్నెల్ వాళ్లదైపోయింది. 2004 జులైలో అటావాలో జరిగిన కెర్నెల్ సదస్సులో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్, ఆయనతో 2.6ని నడిపించిన ఆండ్రూ మోర్టన్ ఇక 2.7 తెరవబోమన్నారు. మార్పులన్నీ నేరుగా 2.6లోకే.

నా లెక్కలో మలుపు ఇదే. వాడే కెర్నెల్‌లోనే లోపలి ఇంటర్‌ఫేస్‌లు (కోడ్ భాగాలు ఒకదాన్నొకటి పిలుచుకునే ఏర్పాట్లు) మారిపోతూ ఉంటే, వాటి మీద ఆధారపడ్డ, పరికరాలను నడిపించే డ్రైవర్లు ఏం కావాలి? దానికి జవాబుగా కెర్నెల్ డెవలపర్ గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ రాసిన పత్రం ఇప్పటికీ కెర్నెల్ డాక్యుమెంటేషన్‌లో ఉంది. యూజర్ ప్రోగ్రాములకు కనిపించే ఇంటర్‌ఫేస్ మారదు. లోపలిది ఎప్పుడైనా మారుతుంది. మార్చినవాడే దాన్ని వాడుతున్న డ్రైవర్లన్నిటినీ సరిచేయాలి. యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్‌ని కనీసం మూడుసార్లు తిరగరాయగలిగారంటే ఈ ఒప్పందం వల్లే.

విచిత్రంగా అదే వేసవిలో, ఆగస్టులో, మైక్రోసాఫ్ట్ లాంగ్‌హార్న్ (తర్వాత విస్టాగా వచ్చిన విండోస్) పనిని పక్కనపెట్టి విండోస్ సర్వర్ 2003 కోడ్ మీద మళ్లీ మొదలుపెట్టింది. పాత డ్రైవర్ ఇంటర్‌ఫేస్‌లను ఏళ్ల తరబడి మోయడం వాళ్ల పద్ధతి. 2007 జనవరిలో విస్టా జనంలోకి వచ్చినప్పుడు డ్రైవర్ల ఇబ్బందులు వాళ్లకీ తప్పలేదు.

లినక్స్ దారిలో ఒక షరతు దాగి ఉంది. మార్చేవాడికి విరిగేదంతా చదవడం రావాలి. అంతా సీ అయినప్పుడు అది షరతులా కనిపించలేదు. ఇప్పుడు కెర్నెల్ దాదాపు 4 కోట్ల లైన్లు, అందులో సగానికి పైగా డ్రైవర్లే.

2022 డిసెంబరులో కెర్నెల్ 6.1 వెర్షన్‌తో రస్ట్ లోపలికొచ్చింది. 2024 మేలో ఫైల్‌సిస్టమ్‌ల (డిస్కు మీద ఫైళ్లను అమర్చే కోడ్) సమావేశంలో ఫైల్‌సిస్టమ్ మెయింటైనర్ టెడ్ సో చెప్పిన మాట చాలామందికి కటువుగా వినిపించింది గానీ, అందులో తర్కం 2004 నాటిదే. ఆయన అన్నది ఇది: లినక్స్‌లో 50కి పైగా ఫైల్‌సిస్టమ్‌లున్నాయి. సీ ఇంటర్‌ఫేస్ మారిస్తే సీలో ఉన్నవన్నీ తాను సరిచేస్తాడు. రస్ట్ రాదు కాబట్టి రస్ట్ బైండింగ్స్ (సీ కోడ్‌ని రస్ట్ నుంచి వాడుకునే వంతెనలు) విరిగే ఉంటాయి. ఆ ఆగస్టులో రస్ట్ బృందం నుంచి వెడ్సన్ అల్మీడా ఫిల్యో తప్పుకున్నారు. సాంకేతికం కాని గోలతో విసిగిపోయానన్నారు.

2025 మొదట్లో గొడవ ముదిరింది డీఎంఏ దగ్గర. ప్రాసెసర్ ప్రమేయం లేకుండా పరికరాలు నేరుగా మెమరీని అందుకునే ఏర్పాటు అది; దాన్ని రస్ట్ నుంచి వాడుకునే తొడుగు ఒకటి ప్యాచ్‌గా, అంటే కోడ్ మార్పు ప్రతిపాదనగా, వచ్చింది. డీఎంఏ మెయింటైనర్ క్రిస్టోఫ్ హెల్విగ్ ససేమిరా అన్నారు. ఆయన వాడిన 'క్యాన్సర్' అనే మాటే అందరికీ గుర్తుండిపోయింది. రస్ట్‌ని కాదు, ఒకే కోడ్‌లో రెండు భాషల కాపురాన్ని అన్నానని ఆయన ఇచ్చిన వివరణ అంతగా ప్రచారంలోకి రాలేదు. ఒక ఫంక్షన్ ఎవరెవరు వాడుతున్నారో వెతికి, అన్నిచోట్లా మార్చి, కంపైల్ చేసి చూసుకునే స్వేచ్ఛ పోతుందన్నది ఆయన బెంగ. ఏళ్ల తరబడి ఆ పని చేసినవాడి బెంగ అది. తొడుగు వేరే డైరెక్టరీలో ఉంటుంది, దాన్ని మేమే చూసుకుంటామని రస్ట్ వాళ్లు జవాబిచ్చారు. ఇల్లు అలకగానే పండగ కాదన్నట్టు, రాసిన ఉత్సాహం పదేళ్ల తర్వాతా ఉంటుందా అన్న ప్రశ్నకు ఆ జవాబు సరిపోదు.

ఫిబ్రవరిలో టోర్వాల్డ్స్ తీర్పు రస్ట్ వైపే వచ్చింది. రస్ట్‌ని పట్టించుకోనంటే మెయింటైనర్ ఇష్టం. కానీ తన కోడ్‌ని ఎవరు వాడుకోవాలో శాసించే హక్కు ఆయనకు లేదు. ఆ నెలలోనే హెల్విగ్ డీఎంఏ బాధ్యత వదులుకున్నారు.

విరిగిన రస్ట్ కోడ్‌ని ఎవరు అతకాలో సబ్‌సిస్టమ్‌కి (కెర్నెల్‌లోని ఒక్కో విభాగానికి) సబ్‌సిస్టమ్‌గా తేల్చుకోవాలన్నది ఇప్పటిదాకా విధానం. ప్రయోగం అన్నంతకాలం అది చెల్లింది. ఇప్పుడు గ్రాఫిక్స్ సబ్‌సిస్టమ్ మెయింటైనర్ డేవ్ ఎయిర్లీ, మరో ఏడాదిలో కొత్త డ్రైవర్లు సీలో తీసుకోబోమన్న సూచన టోక్యోలోనే చేశారు. అది జరిగితే మెమరీ మేనేజ్‌మెంట్‌లో ఒక ఫంక్షన్ మార్చే మనిషికి గ్రాఫిక్స్ డ్రైవర్‌లోని రస్ట్ కూడా రావాలా, లేక ఆయన ప్యాచ్ రస్ట్ తెలిసినవాడు ఖాళీ అయ్యేదాకా ఆగాలా? గ్రెగ్ రాసిన ఆ పత్రంలో దీనికి జవాబు లేదు.