రోమన్ బంగారు నాణెం: తగ్గిన బరువు, చెదరని మేలిమి

రోమన్ సామ్రాజ్య పతనం గురించి మాట్లాడేటప్పుడు నాణేల కల్తీ ప్రస్తావన రాక తప్పదు. నిజానికి ఎక్కువగా కల్తీ అయింది వెండి. బంగారు నాణెం మేలిమి చాలావరకు నిలిచింది, తరిగింది బరువే. ఈ తేడాకు మూల్యం చెల్లించింది పేదలు.

క్రీ.పూ. 46లో జూలియస్ సీజర్ భారీగా ముద్రించిన ఆరియస్ అనే నాణెంతో బంగారం రోజువారీ లెక్కల్లోకి వచ్చింది. ఒక రోమన్ పౌను (సుమారు 320 గ్రాముల తూకం) బంగారానికి 40 నాణేలు. ఒక్కొక్కటి సుమారు ఎనిమిది గ్రాములు, అంటే మన కాసు బరువు. అగస్టస్ కాలంలో ఒక ఆరియస్ 25 వెండి డెనారియస్‌లతో సమానం. సైనికుడి ఏడాది జీతం తొమ్మిది ఆరియస్‌లు, మూడు విడతల్లో మూడేసి చొప్పున.

తర్వాతి చక్రవర్తుల్లో నీరో పౌనుకు 45 నాణేలు కొట్టించాడు, కరకల్లా 50. అయినా ఆ బంగారానికి దూరదేశాల్లోనూ నమ్మకం ఉండేది. 1786లో నెల్లూరు దగ్గర ఒక రైతు నాగలికి ఇటుక కట్టడం అడ్డుపడింది. తవ్వితే శిథిలమైన చిన్న గుడి, దాని కింద ఒక కుండ, అందులో రోమన్ చక్రవర్తులు ట్రాజన్, హేడ్రియన్‌ల కాలపు బంగారు నాణేలు. కొన్ని టంకశాల నుంచి అప్పుడే వచ్చినంత కొత్తగా ఉన్నాయి. కొన్నింటికి చిల్లులున్నాయి, బహుశా నగలుగా ధరించి ఉంటారు. చాలావరకు పాత బంగారంగా అమ్ముడై కరిగిపోవడం మనకు తీరని నష్టం.

రోమ్‌లో క్రీ.శ. 270 నాటికి వెండి నాణెం వెండిపూత రాగిబిళ్లగా మారింది. అగస్టస్ నాడు సుమారు వెయ్యి డెనారియస్‌లు చేసిన పౌను బంగారానికి 301లో డయోక్లీషియన్ చక్రవర్తి ధరల శాసనం 72,000 డెనారియస్‌లు ఖరారు చేసింది. బంగారం దాచుకున్నవాడు నిలిచాడు, చిల్లర డబ్బుతో బతికేవాడు చితికిపోయాడు.

తర్వాత కాన్‌స్టంటైన్ చక్రవర్తి పౌనుకు 72 చొప్పున సాలిడస్ అనే కొత్త బంగారు నాణెం తెచ్చాడు. దేవాలయాల నిధులను టంకశాలకు తరలించాడు. ఈ నాణెం 11వ శతాబ్దం దాకా నమ్మకంగా చెలామణి అయింది. కానీ ధనికుల ఇళ్లు నిండి పేదలు మరింత నలిగారని నాలుగో శతాబ్దపు అజ్ఞాత రచయిత ఒకరు ఆనాడే రాశాడు. ఆయన మాటే నిజమని నాకనిపిస్తుంది. చిన్న వ్యాపారులు, చేతివృత్తులవారు కొన్నేళ్లకోసారి బంగారం, వెండి రూపంలో పన్ను కట్టాల్సి వచ్చేది మరి. 498లో అనస్టేషియస్ చక్రవర్తి దాన్ని రద్దు చేసినప్పుడు ఎడెస్సా నగర ప్రజలు తెల్లబట్టలు కట్టుకుని, దీపాలు పట్టుకుని ఊరేగారు.