నాలుగు సెకన్ల పందెం, అరగంట జిగురు పని

ఒక పాఠకుడు ఇలా అడిగారు: "అమెరికాలో జరిగిన డ్రాగ్ రేసు వీడియో చూశాను. పందెం నాలుగు సెకన్లలో అయిపోయింది. తర్వాత ట్రాక్టర్లు, స్ప్రే బండ్లు, ఊడ్చే యంత్రాలు ట్రాక్ మీదికి వచ్చి అరగంట సేపు అటూ ఇటూ తిరిగాయి. ఆ ట్రాక్‌కి ఏమైంది? వాళ్లు చేసేదేమిటి?"

ఈ ప్రశ్న చదివిన రోజు నుంచి నా ధ్యాసంతా దీని మీదే. ఆ అరగంటలో ఉన్న సైన్స్ నాకు పందెం కంటే ఎక్కువ ఇష్టం. ఇంజిన్ల సంగతి, రూల్స్ సంగతి వదిలేస్తాను. రెండు కార్లు తిన్నగా పరిగెత్తుతాయి, ముందు చేరినది గెలుస్తుంది. నేను చెప్పాలనుకున్నది వాటి కింద ఉన్న నేల గురించి.

ముందు చిన్న లెక్క. స్కూల్లో ఘర్షణ పాఠం గుర్తుందా? ఒక వస్తువు నేలను ఎంత బరువుతో నొక్కుతుందో, ఘర్షణ అందులో ఒక వంతు ఉంటుందని చెప్పారు. ఆ వంతు పేరు ఘర్షణ గుణకం, గుర్తు మ్యూ. పుస్తకంలోని పట్టికలో దాదాపు అన్నీ 1 కంటే తక్కువే. మ్యూ 1 అయితే ఇంజిన్ ఎంత బలమైనదైనా కారుకు వచ్చే త్వరణం 1 జీ, అంటే కింద పడే వస్తువుకు భూమి ఇచ్చే త్వరణం, దాటదు. ఆ లెక్కన పాతకాలపు డ్రాగ్ రేసు దూరమైన పావు మైలు, అంటే 402 మీటర్లు, దాటడానికి కనీసం 9 సెకన్లు పట్టాలి.

ఇప్పుడు డ్రాగ్ రేసుల్లో అన్నిటికంటే వేగమైన తరగతి, టాప్ ఫ్యూయల్ కార్లను చూడండి. 2008లో డ్రైవర్ స్కాట్ కలిటా ప్రమాదంలో చనిపోయాక, భద్రత కోసం ఈ కార్ల పందెం దూరాన్ని 1,000 అడుగులకు తగ్గించారు. అంటే 305 మీటర్లు. మంచి కారు దీన్ని 3.7 సెకన్లలో దాటేస్తుంది. వేగం ఒకే తీరున పెరిగిందనుకుని లెక్క వేస్తే త్వరణం సుమారు 4.5 జీ. వేగం పెరిగాక వెనక ఉన్న పెద్ద రెక్క కారును నేలకేసి నొక్కుతుంది, నిజమే. కానీ గీత దగ్గర కారు కదిలే క్షణంలో ఆ రెక్కకు గాలే తగలదు. అప్పుడు కూడా త్వరణం 1 జీకి చాలా పైనే ఉంటుంది.

మరి పాఠం తప్పా? పాఠం చెక్కకి, ఇనుముకి, రాయికి బాగానే సరిపోతుంది. రబ్బరుకు సరిపోదు. ఆ సంగతి పాఠంలో ఒక్క వాక్యమైనా చెప్పకపోవడం నాకు బాధగా ఉంటుంది. పిల్లలు రోజూ ఎక్కే సైకిలు టైరే ఆ సూత్రానికి లొంగదు కదా!

డ్రాగ్ ట్రాక్‌ను రోడ్డు అనుకుంటే ఏదీ అర్థం కాదు. నేల మీద వెల్లకిలా పరిచిన స్టిక్కర్ అనుకోండి, వెయ్యి అడుగుల పొడవున, జిగురు వైపు పైకి పెట్టి. కారు టైరు దాని మీద అంటుకుంటూ, ఊడుతూ, మళ్లీ అంటుకుంటూ పోతుంది. ఇక్కడి నుంచి ఈ స్టిక్కర్‌ను నేను వదలను, మీరూ వదలకండి.

ఒక రేసు ట్రాక్‌లో స్టార్టింగ్ లైన్ దాకా నడిచి చూడనిచ్చారు. మూడో అడుగుకే నా బూటు నేలకు అతుక్కుంది. మడమ ఎత్తితే అడుగుభాగం మెల్లగా, చిన్న చప్పుడుతో ఊడింది. లేసులు వదులుగా ఉన్నాయేమో, మరో రెండు అడుగులకు కాలు బయటికొచ్చేసింది, బూటు అక్కడే ఉండిపోయింది. వంగి వేలితో నేలను తాకాను. తడి లేదు, వేలికి ఏమీ అంటలేదు. కానీ వేలు తీస్తుంటే నేల వదలనంటోంది. మంచి స్టిక్కర్ జిగురు లక్షణం ఇదే: చేతికి అంటదు, చేతిని మాత్రం పట్టుకుంటుంది.

ఈ నేలను తయారు చేయడం కొన్ని రోజుల పని. పాత రబ్బరును బ్లేళ్లున్న యంత్రంతో గీకేస్తారు. శుభ్రమైన కాంక్రీటు మీద జిగురు స్ప్రే చేస్తారు. రేసర్లు దాన్ని వీహెచ్‌టీ అనో, ట్రాక్‌బైట్ అనో అంటారు. అదొక రెజిన్, అంటే బంక లాంటి పదార్థం. మిథైల్ ఆల్కహాల్‌లో పలచన చేసి కొడితే ఆల్కహాల్ ఆరిపోతుంది, రెజిన్ మిగులుతుంది. తర్వాత ట్రాక్టరుకు పాత రేసు టైర్లు బిగించి, వాటిని తిరగనివ్వకుండా బరువు పెట్టి లాగుతారు. టైరు అరిగి రబ్బరు రెజిన్‌లో కలుస్తుంది. మళ్లీ స్ప్రే, మళ్లీ లాగుడు. పొర మీద పొర. దీన్నే ప్రెప్ అంటారు.

కానీ రెజిన్ కలపగానే రబ్బరుకు జిగురు ఎలా వస్తుంది? ఇక్కడ కాస్త చిక్కటి భౌతికశాస్త్రం ఉంది, నెమ్మదిగా చదవండి. ఏదైనా అంటుకోవాలంటే రెండు తలాలు అణువుల దూరంలోకి రావాలి. అందుకు జిగురు మెత్తగా ఉండి, ఎదుటి తలంలోని గుంటలన్నిటిలోకీ పాకాలి. ఎంత మెత్తగా? త్రీఎం సంస్థలో పనిచేసిన కార్ల్ డాల్‌క్విస్ట్ దీనికో హద్దు చెప్పాడు: ఒక సెకను పాటు నొక్కినప్పుడు పదార్థం దృఢత్వం సుమారు 3 లక్షల పాస్కల్స్ కంటే తక్కువ ఉంటేనే అది ముట్టుకోగానే అంటుకుంటుంది. మామూలు కారు టైరు రబ్బరు అంతకంటే చాలా గట్టిది.

మెత్తగా ఉంటే చాలదు. మెత్తనిది సులువుగా అంటుకుంటుంది, అంతే సులువుగా ఊడుతుంది. ఊడదీసేటప్పుడు గట్టిగా ఉండాలి. ఒకే పదార్థం అంటుకునేటప్పుడు మెత్తగా, ఊడేటప్పుడు గట్టిగా ఉండటం ఎలా? రెజిన్ గొప్పతనం ఇక్కడే ఉంది. అది రబ్బరు అణువుల పొడవాటి గొలుసుల మధ్య దూరి, నెమ్మదిగా నొక్కినప్పుడు వాటిని ఇంకా సులువుగా జరగనిస్తుంది. అదే సమయంలో ఆ మిశ్రమం గాజులా బిగుసుకునే ఉష్ణోగ్రతను పైకి జరుపుతుంది. దాంతో గబుక్కున లాగితే గొలుసులకు సర్దుకునే టైం దొరకదు, పదార్థం బిగుసుకుని ఎదురు తిరుగుతుంది. నెమ్మదికి మెత్తన, వేగానికి గట్టి. ఊడదీయడానికి పెట్టిన శక్తిలో ఎక్కువ భాగం ఆ గొలుసుల లోపలే వేడిగా మారిపోతుంది. టైరు పట్టు వెనకున్న పెద్ద కారణం ఇదే.

1963లో గ్రోష్ అనే శాస్త్రవేత్త రబ్బరు ఘర్షణ మీద ప్రయోగాలు చేసి ఇంకో అందమైన సంగతి చూపించాడు. రబ్బరుకు వేగం, చల్లదనం ఒకే రకంగా కనిపిస్తాయి. వేగంగా లాగినా, చల్లబరిచినా దాని ప్రవర్తన ఒకే దిశలో మారుతుంది. సీసా మీది లేబుల్‌తో మీరే చూడొచ్చు. చల్లటి సీసా మీద గబుక్కున లాగితే టక్కున ఊడుతుంది. ఎండలో పెట్టిన సీసా మీద మెల్లగా లాగితే జిగురు తీగలు సాగి, సగం సీసాకే ఉండిపోతుంది. మధ్యలో ఎక్కడో ఊడదీయడం అన్నిటికంటే కష్టమయ్యే చోటు ఒకటుంటుంది. ట్రాక్ మనుషుల పనంతా ఆ చోటును వెతికి, రోజంతా అక్కడే ఉండటం.

ఇప్పుడు పందెం రోజు సమస్యలు ఒక్కొక్కటీ వాటంతట అవే అర్థమవుతాయి.

ఎండ పెరిగితే జిగురు సీసా లేబుల్ జిగురులా సాగిపోతుంది. ట్రాక్ 60 డిగ్రీల సెల్సియస్ దగ్గరికొస్తే నల్లగా మెరుస్తూ, చూడటానికి భలే పట్టున్నట్టే కనిపిస్తుంది. కానీ టైరుకు అంటుకున్న పొర తన అడుగు పొర నుంచే చీలిపోతుంది. రేసర్లు దీన్ని "గ్రీజీ" అంటారు. అప్పుడు ఇంకా జిగురు పోస్తే సరిపోతుందా? పొర మందమై లోపల ఇంకా సులువుగా చీలుతుంది. పలచగా కొట్టడం, రబ్బరు లాగి బిగించడం, ఎండ తగ్గేదాకా ఆగడం, ఇవే దారులు. డెన్వర్ దగ్గర 2023 దాకా నడిచిన బాండిమేర్ స్పీడ్‌వేలో స్టార్టింగ్ లైన్ కాంక్రీటు కిందే గొట్టాలు వేసి, చల్లటి ద్రవం తిప్పేవారు. నేలకు ఫ్రిజ్! ఇంత మంచి ఆలోచన ఇంకెన్నో చోట్ల రావాల్సింది.

రెండు లేన్లలో ఒకటి "శాపం తగిలిన లేన్" అని నమ్మే రోజులూ ఉంటాయి. అమెరికా రేసర్లలో ఆకుపచ్చ కారు అరిష్టమని, వేరుశనగ తొక్కలు పిట్‌లోకి, అంటే కార్లు సిద్ధం చేసే చోటికి, రాకూడదని పాత నమ్మకాలు ఉన్నాయి. వాటికి ఆధారం ఏమీ లేదు. లేన్ సంగతి మాత్రం కొట్టిపారేయను. గ్రాండ్‌స్టాండ్ నీడ ఒక లేన్ మీద పడి రెండోది ఎండలో ఉంటే, అక్కడ నిజంగానే రెండు వేర్వేరు జిగురులు ఉన్నట్టు. అందుకే టీములు ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పట్టుకుని గీత దగ్గర వంగి చూస్తుంటాయి. శాపానికి పూజ కంటే కొలత మేలు. అధికారుల దగ్గర ఇంకో పరికరం ఉంటుంది: బరువు పెట్టిన రబ్బరు ముక్కను నేల మీద ఆనించి, టార్క్ రెంచ్‌తో తిప్పి, ఎంత బలానికి జారిందో చూస్తారు. స్టిక్కర్‌ను వేలితో తిప్పి చూడటమే అది, కాకపోతే అంకె వస్తుంది.

జిగురు అన్నిచోట్లా ఒకేలా కొట్టరు, ఎందుకో లెక్క వేసి చూడండి. గీత దగ్గర టైరు ఆగి ఉంది, అంటుకోవడానికి కావలసినంత టైం. చివర్లో కారు వేగం గంటకు 530 కిలోమీటర్లు. టైరు నేలను తాకే మేర పాతిక సెంటీమీటర్లు అనుకుంటే, ప్రతి ముక్కా నేలను ముట్టుకునేది రెండు మిల్లీసెకన్ల కంటే తక్కువే. అంత తక్కువ టైంలో జిగురు పాకలేదు. అక్కడ రెక్క నొక్కుడు ఆదుకుంటుంది. మొదట్లో మరీ ఎక్కువ పట్టు ఉన్నా ప్రమాదమే. టైరు అంటుకుని, ముడతపడి, ఒక్కసారిగా ఊడి, మళ్లీ అంటుకుంటుంది. దీన్ని టైర్ షేక్ అంటారు, డ్రైవర్‌కు కళ్లు బైర్లు కమ్మేంత గట్టిగా కారు ఊగిపోతుంది. సెలోటేప్ లాగేటప్పుడు చర్ర్‌మని వినిపించే చప్పుడు కూడా ఈ అంటడం, ఊడటమే. 2008లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు గాలి తీసేసిన గదిలో టేప్‌ను అలా లాగితే ఎక్స్‌రేలు వచ్చాయి, వాటితో వేలి ఎముకల ఫొటో కూడా తీశారు. దారి తప్పాను, కానీ అది చెప్పకుండా ఉండలేకపోయాను.

తర్వాతిది బట్టతల సమస్య. రేసర్లూ "బాల్డ్ స్పాట్" అనే అంటారు. టైరు పట్టు జిగురు పొరకూ కాంక్రీటుకూ మధ్య ఉన్న పట్టు కంటే ఎక్కువైతే, పొర మొత్తం పెచ్చులా లేచి టైరుతో పోతుంది. కింద తెల్లగా కాంక్రీటు కనిపిస్తుంది. తర్వాతి కారు ఆ చోటికి రాగానే చక్రాలు గిర్రున తిరిగి పొగ వస్తుంది. అంచులు గీకి, ఆ మేర మాత్రం స్ప్రే చేసి, ట్రాక్టరుతో రబ్బరు రుద్ది పూడుస్తారు.

అన్నిటికంటే పెద్ద తలనొప్పి ఆయిల్‌డౌన్. కనెక్టింగ్ రాడ్ విరిగి ఇంజిన్ బ్లాక్‌ను చీల్చుకుని బయటికొస్తే వేడి ఆయిల్ ట్రాక్ మీద వందల అడుగుల మేర చిమ్ముతుంది. పాఠకుడు చూసిన అరగంట బహుశా ఇదే. తుడిస్తే పోదా? గాజు మీద అయితే పోతుంది. రబ్బరూ ఆయిలూ రెండూ హైడ్రోకార్బన్లే. ఆయిల్ రబ్బరులోకి ఇంకి, గొలుసుల మధ్య చేరి, దాన్ని ఉబ్బించి బలహీనం చేస్తుంది. పైన తుడిచినా లోపలి ఆయిల్ మెల్లగా మళ్లీ పైకొస్తుంది. నూనె చేతులతో స్టిక్కర్ వెనక ముట్టుకుంటే ఏమవుతుందో మీకు తెలుసు. అందుకే పీల్చే పొడి చల్లి, ఊడ్చి, క్లీనర్‌తో రుద్ది, తడిసిన రబ్బరును గీకేసి, ఆరబెట్టి, జిగురు కొట్టి, టైర్లు లాగుతారు. వెయ్యి అడుగుల ప్రెప్ అంతా చిన్న మేరలో, గడియారం చూసుకుంటూ, మళ్లీ మొదటి నుంచి. అమెరికా డ్రాగ్ రేసుల సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ పోటీల్లో ఈ పని చేసే సేఫ్టీ సఫారీ బృందం మూలాలు 1954 నాటివి. ఆయిల్ పోసిన టీముకు జరిమానా, పాయింట్ల కోత ఉంటాయి. ఇంజిన్ కింద పీల్చే గుడ్డలున్న తొట్టి కట్టడం కూడా తప్పనిసరి.

వాన సంగతి సులువు: చుక్క పడితే పందెం ఆగుతుంది. ఈ టైర్లకు గాడులు లేవు, నీటికి పోయే దారి లేదు. ఆరబెట్టడం యంత్రాల పని. నీరు పొర కిందికి దిగితే మాత్రం పెచ్చులు లేస్తాయి, మళ్లీ ప్రెప్.

నాకు ఎక్కువ ఆసక్తి కలిగించేది వానలేని రాత్రి. ఆకాశం నిర్మలం, జనం నిండుగా, ట్రాక్ పొడిగానే కనిపిస్తుంది. కానీ ఎండ పోయాక కాంక్రీటు తన వేడిని ఆకాశానికి వదిలేస్తూ చల్లబడుతుంది. ఒకవైపు జిగురు గట్టిపడుతుంది, చల్లటి సీసా మీది లేబుల్‌లా టక్కున ఊడటం మొదలవుతుంది. ఇంకోవైపు మంచు బిందు ఉష్ణోగ్రత, అంటే గాలిలోని తేమ నీరుగా మారే ఉష్ణోగ్రత, దగ్గరపడుతుంది. ట్రాక్ దాని కంటే చల్లబడితే కంటికి కనపడనంత పలచని నీటి పొర పేరుకుంటుంది. జిగురుకు, టైరుకు మధ్య అణువుల దూరం రావాలన్నాం కదా. ఆ పలచని పొర చాలు, రెండూ కలవవు. అధికారి ఒకాయన గీత దగ్గర మోకాళ్ల మీద కూర్చుని థర్మామీటర్‌తో నేల ఉష్ణోగ్రత చదువుతాడు, రెండో చేతిలో వాతావరణ యంత్రం చూపే మంచు బిందు అంకె. రెండు అంకెల మధ్య తేడా ప్రతి పావుగంటకూ తగ్గుతూ వస్తుంది. ఆఖరికి ఆయన చేయి నేలకు ఆనించి, వేళ్లు ఒకదానితో ఒకటి రుద్ది చూసుకుని, లేచి, మెడ కింద చేయి అడ్డంగా తిప్పుతాడు. ఇంజిన్లు ఆగిపోతాయి. మిగిలిన రౌండ్లు రేపు పొద్దున.