గాజు గొట్టంలో 20 నిమిషాలు

"నలుగురు స్నేహితులం కలిసి అడవి అంచున కాస్త పొలం కొన్నాం. కరెంటు లేదు, కుళాయి లేదు. కావాలనే వద్దనుకున్నాం. రెండే టెన్షన్లు. సబ్బూ షాంపూ లేకుండా శుభ్రంగా ఉండగలమా? రాత్రిపూట ఎవరికైనా ప్రాణం మీదికొస్తే ఏం చెయ్యాలి?" అని ఒక పాఠకుడు అడిగారు.

ఆయన వీటిని రెండు ప్రశ్నలనుకుంటున్నారు. ఏళ్ల తరబడి ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పిన నేనూ అలాగే అనుకునేవాణ్ణి. రెంటికీ మూలం ఒకటేనని ఒక పాముకాటు కేసులో తెలిసింది. తెలిపింది నా రక్తమే. అక్కడికి వస్తాను. ముందు బూడిద సంగతి.

మా అమ్మ అంట్లు బూడిదతోనే తోమేది. కొబ్బరి పీచు తడిపి, పొయ్యిలోని బూడిదలో అద్ది, ఇత్తడి చెంబు మీద నాలుగు చుట్లు తిప్పేది. తొలిచి బోర్లిస్తే ఎక్కడా నీటి బొట్టు నిలిచేది కాదు. నీళ్లు పల్చటి పొరలా పరుచుకుని జారిపోయేవి. జిడ్డు పోయిందనడానికి అదే గుర్తు. బూడిద గరుకు కాబట్టి రుద్దితే పోతుందని చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. కట్టె బూడిదలో ఎక్కువగా ఉండేది కాల్షియం కార్బొనేట్, దానితోపాటు కొంత పొటాషియం కార్బొనేట్. ఈ రెండోది నీళ్లలో ఇట్టే కరిగి ఆ నీళ్లను గట్టి క్షారంగా మార్చేస్తుంది. పీహెచ్ 10 దాటుతుంది. జిడ్డులో ఉండే కొవ్వు ఆమ్లాలు ఆ క్షారంలో తమ హైడ్రోజన్‌ను వదిలేసి రుణావేశం, అంటే నెగెటివ్ చార్జి, తెచ్చుకుంటాయి. అంటే చెంబు మీదే, అప్పటికప్పుడు, చిటికెడు సబ్బు తయారవుతుంది.

ఇంతకన్నా అందమైన సంగతి ఇంకొకటుంది. క్షారపు నీళ్లలో జిడ్డే కాదు, చర్మం, నూలు బట్ట, మట్టి రేణువు, అన్నీ రుణావేశం వైపే మొగ్గుతాయి. సజాతి ఆవేశాలు వికర్షించుకుంటాయని స్కూల్లో బట్టీ పట్టాం కదా, మురికి వదలడంలో జరిగేది అదే. చెయ్యి మురికిని నెడుతుంది, మురికి చేతిని నెడుతుంది, ఆ సందులోకి నీళ్లు దూరతాయి. రజకులు చౌడు మట్టిలో బట్టలు నానేసి బానలో ఉడకబెట్టింది కూడా ఇందుకే. చౌడులో ఉండేది సోడియం కార్బొనేట్, బూడిదలోని దానికి తోబుట్టువు. ఈ రుణావేశాన్ని కాస్త గుర్తు పెట్టుకోండి, మళ్లీ పని పడుతుంది.

మరి క్రిములు చస్తాయా అంటారా? టీవీ ప్రకటనల్లోని ఆ 99.9 శాతం మన బుర్రలు పాడుచేసింది. చెయ్యి కడుక్కోవడంలో అసలు పని చంపడం కాదు, జారగొట్టడం. బంగ్లాదేశ్‌లో చేసి 1991లో ప్రచురించిన ఒక పరిశీలనలో సబ్బు, బూడిద, మట్టి మూడూ చేతుల మీది మలక్రిములను దాదాపు ఒకేలా తగ్గించాయి. ఎక్కువ పని చేసింది రుద్దుడే. 2020లో ఇలాంటి అధ్యయనాలన్నీ కలిపి తూచినవాళ్లు మాత్రం, బూడిద సబ్బుతో సమానమని గట్టిగా చెప్పడానికి ఆధారాలు చాలవన్నారు. నా మటుకు నేను సబ్బుంటే సబ్బే వాడతాను, లేని రోజున చల్లారిన పొయ్యిలోంచి అప్పుడే తీసిన బూడిద. మట్టి జోలికి పోను, అందులో ధనుర్వాతం బీజాలుంటాయి. బూడిదైనా కోళ్లు తిరిగే చోట రెండు రోజులు కుప్ప పోసి ఉంచితే అదీ మట్టే. గాయం మీద, పసిబిడ్డ బొడ్డు మీద బూడిదో పేడో అద్దే ఆచారం ఎన్ని ఇళ్లలో ఉసురు తీసిందో! మన దేశంలో బాలింతల, పసికందుల ధనుర్వాతం అదుపులోకి వచ్చిందని ప్రకటించింది 2015లో. నిన్నమొన్నటి మాట.

స్నానం గురించి పెద్దగా చెప్పను, కుంకుడుకాయలున్నాయి. ఒక్కటే హెచ్చరిక. కుంకుడు నురుగులోని సపోనిన్ చేపలకు విషం. ప్రకృతిసిద్ధం కదా అని వాగులో దిగి తలంటుకోకండి. నీళ్లు తెచ్చుకుని, ఒడ్డుకు దూరంగా పోసుకోండి. విరేచనాలైతే కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఆరు టీ స్పూన్ల పంచదార, అర టీ స్పూన్ ఉప్పు, స్పూను తలకొట్టి కొలవాలి. పేగు గోడలో ఉప్పూ, పంచదారలోని గ్లూకోజూ జంటగా వస్తేనే తెరుచుకునే తలుపొకటుంది, వాటి వెనకాల నీళ్లు లోపలికి పోతాయి. దాని మీద విడిగా ఒక వ్యాసమే రాయాలి.

ఇక పాము.

2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో పోయినవాళ్లు దాదాపు 12 లక్షలని ఒక పెద్ద అధ్యయనం అంచనా. ఏడాదికి సగటున 58 వేలు. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. పోయినవాళ్లలో ఎక్కువమంది పల్లెల్లో, ఆస్పత్రికి చేరకుండా పోయినవాళ్లే.

మా తోడల్లుడికి విశాఖ వైపు కొండల కింద జీడిమామిడి తోట ఉంది. తోటలో పనిచేసే కుర్రాడికి ఒక సాయంత్రం ఎండుటాకుల్లో ఏదో కరిచింది. ఏ పామో చూడలేదు. నేను వెళ్లేసరికి మోకాలి పైన తువ్వాలు బిగించి కట్టేశారు, నోట్లో వేపాకు పెట్టి "చేదుందా?" అని అడుగుతున్నారు. చేదు లేదంటే విషం ఎక్కినట్టట. భయంతో వణికేవాడికి చేదేమిటి, తీపేమిటి? ఆ తువ్వాలు ఇంకా ప్రమాదం. నెత్తురు ఆడక కాలే పోవచ్చు, ఊడదీసిన క్షణాన విషం ఒక్కుమ్మడిగా పైకి రావచ్చు. కొయ్యటం, పీల్చటం, పసరు పొయ్యటం ఏదీ వద్దు. కాలు కదలకుండా రెండు కర్రలు వేసి వదులుగా కట్టి, మనిషిని నడవనివ్వకుండా మోసుకుపోవాలి. విషం చాలావరకు శోషరసంతో (లింఫ్) కలిసి పాకుతుంది, కండరం కదిలిన కొద్దీ ఆ రసానికి తోపు దొరుకుతుంది.

ఇక్కడ డోలీ గుర్తొస్తుంది. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల మీద దారి లేని గూడేల నుంచి దుప్పటిని కర్రకు కట్టి మనిషిని మోసుకొచ్చే ఫొటో వానాకాలమైతే పేపర్లో తప్పదు. చూసి సిగ్గుపడతాం, పడాల్సిందే. నెలలు నిండిన గర్భిణిని అలా తెచ్చే బదులు ముందే కిందికి తెచ్చి ఉంచడానికి పొరుగున పార్వతీపురం మన్యం జిల్లా సాలూరులో వసతి గృహం పెట్టారు. కానీ పాము కరిచినవాడి విషయంలో డోలీ పట్టుకున్న ఆ ఇద్దరూ చేసేది అక్షరాలా సరైన ప్రథమ చికిత్స. బైకు మధ్యలో కూర్చోబెట్టి, కాలు వేలాడేసి తీసుకుపోయిన మాకంటే వాళ్లు నయం.

ఆస్పత్రి చిన్నది. డాక్టరు గారు తువ్వాలు చూసి నొచ్చుకున్నారు, కుర్రాడి కనురెప్పలు వాలుతున్నాయేమో చూశారు. నాగుపాము, కట్లపాము అయితే విషం నరాల మీద పనిచేస్తుంది, ముందు రెప్పలే బరువెక్కుతాయి. తర్వాత రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి ఒక గాజు గొట్టంలో పోసి, బల్ల మీద నిలబెట్టి, "20 నిమిషాలు దీన్నెవరూ ముట్టుకోకండి" అన్నారు. పరీక్ష మొత్తం ఇంతే. కరెంటు అక్కర్లేదు, యంత్రం అక్కర్లేదు. 20 నిమిషాల తర్వాత ఒక్కసారి వంచి చూడాలి. గడ్డకట్టి నిలిస్తే సరే. నీళ్లలా జారితే రక్తపింజరో చిన్నపింజరో కాటేసిందని, వెంటనే విరుగుడు ఎక్కించాలని లెక్క.

"మాస్టారూ, మీదీ కొంచెం ఇవ్వండి. పోల్చి చూడాలి" అన్నారు. నాదీ అలాంటి ఇంకో గొట్టంలో పోశారు.

20 నిమిషాలయ్యాక కుర్రాడి గొట్టం వంచారు. జారింది. నా గొట్టం వంచారు. అదీ జారింది.

"మిమ్మల్నెప్పుడు కరిచింది?" అన్నారు డాక్టరు గారు నవ్వుతూ. నాకు మాత్రం చెమటలు పట్టాయి. ఆయన సిస్టర్ వైపు తిరిగారు. "నిన్ననే సబ్బు పొడి వేసి తళతళలాడేట్టు కడిగానండీ" అంది ఆవిడ. అదే కొంప ముంచింది.

గాజు అంటే దాదాపు ఇసుకే, సిలికా. నెత్తురు తగలగానే దాని పైపొరలోని హైడ్రోజన్‌లు కొన్ని ఊడిపోయి గాజుకు రుణావేశం వస్తుంది. బూడిద నీళ్లలో మురికికీ చేతికీ వచ్చిందే! రక్తంలో 12వ ఫ్యాక్టర్ అనే ప్రొటీన్ ఒకటి తిరుగుతుంటుంది. రుణావేశమున్న గోడ తగిలితే దానికి అతుక్కుని, ఒళ్లు విరుచుకుని, మేలుకుంటుంది. అది 11వదాన్ని లేపుతుంది, 11 తొమ్మిదిని, తొమ్మిది పదిని. పదోది ప్రోత్రాంబిన్‌ను త్రాంబిన్‌గా మారుస్తుంది. త్రాంబిన్ ఫైబ్రినోజన్ అనే కరిగిన ప్రొటీన్‌ను ఫైబ్రిన్ దారాలుగా అల్లేస్తుంది. అదే గడ్డ. డిటర్జెంట్ పొర సరిగా పోకుండా గాజు మీద మిగిలితే ఆ రుణావేశం కప్పబడిపోతుంది, 12వదాన్ని లేపేవాళ్లుండరు. ప్లాస్టిక్ గొట్టం వాడినా ఇదే కథ. అందుకే ఈ పరీక్షకు కొత్త గాజు గొట్టమే కావాలి.

ఒంట్లో గాజు ఎక్కడుంది మరి? లేదు. తెగిన చోట రక్తాన్ని గడ్డకట్టించేది ప్రధానంగా కణజాలంలోని వేరే ప్రొటీన్. అమెరికాలో జాన్ హేగ్‌మన్ అనే రైల్వే ఉద్యోగి రక్తం గాజు గొట్టంలో ఎంతకీ గడ్డకట్టేది కాదు, కానీ ఆయనకు ఏనాడూ రక్తస్రావం సమస్య లేదు. ఆయన్ని పరీక్షించిన వైద్యులే, ఆయన రక్తంలో లోపించిన ఈ 12వ ఫ్యాక్టర్ గురించి 1955లో రాశారు. చివరికి 1968లో ఆయన పోయింది ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డ అడ్డుపడి! మనం మాత్రం ఇప్పటికీ 12వదాని నుంచి మొదలుపెట్టి బాణం గుర్తుల బొమ్మ గీయించి మార్కులు వేస్తాం. ఆ వరస గొట్టంలో చూసిందని పిల్లలకు ఒక్కరూ చెప్పరు. నేనూ చెప్పలేదు.

రక్తపింజరి చేసే పని ఇంకా విడ్డూరం. దాని విషం రక్తాన్ని పల్చన చేస్తుందనుకుంటారు. నిజానికి ముందు గడ్డకట్టిస్తుంది. అందులోని ఎంజైములు 10వ ఫ్యాక్టర్‌ను, 5వదాన్ని నేరుగా తట్టి లేపేస్తాయి. పెళ్లి భోజనాల్లో ఎవడో తిక్కలోడు గరిటె పట్టుకుని మొదటి బంతికే వంటంతా వడ్డించేశాడనుకోండి. ఆ తర్వాత బంతుల వాళ్లకు ఉత్త విస్తళ్లే. ఫైబ్రినోజన్ అంతా రక్తంలో అక్కరలేని చోట ఖర్చైపోతుంది, తీరా పంటి చిగురు చిట్లినప్పుడు ఆపడానికి ఏమీ మిగలదు. విరుగుడు మందు వంట చెయ్యదు, ఆ తిక్కలోడి చెయ్యి పట్టుకుంటుంది, అంతే. మళ్లీ వండాల్సింది కాలేయం, దానికి సుమారు ఆరు గంటలు పడుతుంది. అందుకే మందు ఎక్కించిన ఆరు గంటలకు గాజు గొట్టం పరీక్ష మళ్లీ చేస్తారు. అప్పటికీ జారితే తిక్కలోడు ఇంకా వంటింట్లోనే ఉన్నట్టు, ఇంకో విడత మందు కావాలి. పిల్లలకూ పెద్దలకూ ఒకే మోతాదు, ఎందుకంటే పాము మనిషి వయసు చూసి విషం దించదు. ఆ మందు తయారీకి కావలసిన విషంలో ఎక్కువ భాగం తమిళనాడులో పాములు పట్టే ఇరుళర్ తెగవాళ్ల సహకార సంఘం పాముల నుంచి తీసేదే. ఈ గడ్డకట్టించే గుణం చూసి 1934లో లండన్ వైద్యులు, పుట్టుకతోనే రక్తం సరిగా గడ్డకట్టని హీమోఫీలియా రోగులకు పన్ను పీకిన చోట రక్తం ఆపడానికి ఇదే పాము విషాన్ని పల్చగా అద్దారు కూడా.

ఇంగ్లీషులో ఈ పాముకు రస్సెల్స్ వైపర్ అని పేరు రావడానికి కారణమైన పాట్రిక్ రస్సెల్ 18వ శతాబ్దం చివర మన విశాఖపట్నంలో ఉన్న స్కాట్లండ్ వైద్యుడు. 1796లో దాని బొమ్మ అచ్చువేస్తూ ఇక్కడివాళ్లు చెప్పిన పేరు రాసుకున్నాడు: కాటుక రేకుల పొడ. నల్లటి అంచు దిద్దిన ఆ మచ్చలు చూస్తే అంతకంటే మంచి పేరు తట్టదు. ఆయన పేరు ప్రపంచమంతా నిలిచింది, మన పేరు మనమే మర్చిపోయాం.

సరే, ఆస్పత్రి. పెట్టెలోంచి కొత్త గొట్టాలు రెండు తీశారు. మళ్లీ సూది, మళ్లీ 20 నిమిషాలు. ఈసారి నాది జున్నులా నిలిచింది. కుర్రాడిదీ నిలిచింది. కాలు వాయలేదు, రెప్పలు వాలలేదు. అయినా డాక్టరు గారు వదల్లేదు, 24 గంటలు ఉంచి పరీక్ష మళ్లీ మళ్లీ చేశారు. మొదటి గొట్టాన్నే నమ్మి ఉంటే వాడికి అక్కరలేని మందు ఎక్కేది. అది గుర్రపు రక్తం నుంచి తీసే మందు, కొందరికి రియాక్షన్ వచ్చి అదే ప్రాణం మీదికి తెస్తుంది.

కాబట్టి, పాఠక మిత్రమా, ఈ పరీక్ష మీరు చేసేది కాదు. మీ పొలానికి దగ్గర్లో పాముకాటు విరుగుడు ఏ ఆస్పత్రిలో ఉందో ఇప్పుడే వెళ్లి కనుక్కోండి. 108 బండి ఎంతవరకు రాగలదో, అక్కడిదాకా మనిషిని ఎవరు మోస్తారో ఒకసారి మోసి చూడండి. రాత్రి నేల మీద పడుకోకండి, దోమతెర అంచు పరుపు కిందికి దోపండి. కట్లపాము ఎక్కువగా మనం నిద్రలో ఉన్నప్పుడే కరుస్తుంది, చాలాసార్లు నొప్పి కూడా తెలియదు.

నెల తర్వాత ఆ ఆస్పత్రి మీదుగా వెళ్తూ ఆగాను. గొట్టాల డబ్బా మీద ప్లాస్టరు ముక్క అంటించి ఉంది. సిస్టర్ చేతిరాతే: "కొత్తవి. కడగకూడదు." పాతవాటిలో ఒకటి కిటికీలో పెట్టి, అందులో మనీప్లాంటు కొమ్మ వేసింది.